రెండేళ్ళ గుర్రపుపిల్లకు కడుపులో పుండ్లు: మేతను ఎలా మార్చాలి?

ప్రశ్న: చేవెళ్ళ ప్రాంత రైతు

అందరికీ నమస్కారం. మాది చేవెళ్ళకు దగ్గరలోని ఒక గ్రామం. మా తాతగారి కాలంలో ఇంట్లో గుర్రం ఉండేది. ఆ జ్ఞాపకంతోనే, చాలాకాలం డబ్బు కూడబెట్టుకుని, పోయిన కార్తిక మాసంలో పుష్కర్ సంతకు వెళ్ళి రెండేళ్ళ వయసున్న మార్వాడీ జాతి ఆడ గుర్రపుపిల్లను కొని తెచ్చుకున్నాను. దానికి మువ్వ అని పేరు పెట్టుకున్నాం. లారీలో మూడు రోజుల ప్రయాణం చేసి వచ్చింది. దారిలో సరిగా తినలేదు, నీళ్ళు కూడా తక్కువే తాగింది.

వచ్చిన నెల రోజులకు దాని తీరు మారింది. దాణా ఆత్రంగా మొదలుపెట్టి నాలుగు నోళ్ళు తిని ఆపేసేది, తల తిప్పి పొట్ట వైపు చూసుకునేది. నడుముకు పట్టీ బిగించబోతే చెవులు వెనక్కి వాల్చి కరవడానికి వచ్చేది. ఊరికే నిలబడి పళ్ళు నూరేది. ఒంటి మీది మెరుపు పోయి వెంట్రుకలు గరుకుగా లేచాయి. అదే సమయంలో ముందుకాలు వాస్తే, తెలిసినవారి మాట మీద పది రోజులపాటు నొప్పి తగ్గించే ఫినైల్‌బ్యూటజోన్ ఇచ్చాను. ఆ తర్వాత రెండుసార్లు కడుపునొప్పితో నేల మీద పొర్లింది. నగరంలోని పశువైద్యశాలకు తీసుకువెళ్ళగా గొట్టం వేసి చూసి, జీర్ణాశయం పైభాగంలో మూడో స్థాయి పుండ్లు ఉన్నాయని, పేగులోకి వెళ్ళే ద్వారం దగ్గర కూడా ఎర్రదనం ఉందని చెప్పారు. కడుపులో ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్ మందు 28 రోజులు వాడమన్నారు, మేత మార్చమన్నారు. కానీ ఏ విధంగా మార్చాలో వివరంగా అడిగే వ్యవధి ఆ రోజు దొరకలేదు.

ప్రస్తుతం ఉదయం ఆరు గంటలకు ఒక కిలో బార్లీ, అర కిలో ఉడికించిన ఉలవలు పెడుతున్నాను. సాయంత్రం ఆరు గంటలకు మళ్ళీ అంతే. మధ్యాహ్నం వరిగడ్డి వేస్తాను. రాత్రి ఏమీ వేయను. మా దగ్గర సూపర్ నేపియర్ పచ్చిగడ్డి పుష్కలంగా ఉంది, లూసర్న్ అనే పప్పుజాతి మేత మాత్రం దూరం నుంచి తేవాలి. ఉలవలు మానాలా? నేపియర్ వేయవచ్చా? మనుషుల కడుపు పుండ్లకు ఇచ్చినట్టు యాంటీబయోటిక్ ఇవ్వాలని పక్కింటివారు చెబుతున్నారు, నిజమేనా? నా తెలియనితనం వల్ల ఆ పిల్ల బాధపడుతోందన్న ఆలోచనతో రాత్రులు నిద్ర పట్టడం లేదు. దయచేసి తెలిసినవారు చెప్పండి.

జవాబు: విశ్రాంత పశువైద్యుడు, తిరుపతి

మీరు గొట్టం వేయించి చూపించారు. కడుపు పుండ్ల విషయంలో బయటి లక్షణాలను నమ్ముకుని మందు వేసేవారే ఎక్కువ కాబట్టి, సగం పని మీరు సరిగానే చేశారు. మిగిలిన సగం మేతకు సంబంధించినది.

మనకు అన్నం ముందుకు వచ్చినప్పుడు కడుపులో ఆమ్లం ఎక్కువగా ఊరుతుంది. గుర్రానికి అలా కాదు. తిన్నా తినకపోయినా, రాత్రీ పగలూ ఊరుతూనే ఉంటుంది. ఎందుకంటే అది రోజుకు పదహారు, పదిహేడు గంటలు కొద్దికొద్దిగా మేస్తూ తిరిగే జంతువు. దాని జీర్ణాశయం కూడా శరీరంతో పోలిస్తే చాలా చిన్నది, పెద్ద గుర్రానికి సైతం 8 నుంచి 15 లీటర్లకు మించదు. ఆ ఆమ్లానికి విరుగుడు లాలాజలం. గుర్రానికి లాలాజలం నమిలినప్పుడే ఊరుతుంది, మేత కనబడినంత మాత్రాన ఊరదు. కిలో ఎండుగడ్డి తినడానికి సుమారు 40 నిమిషాలు పడుతుంది, మూడు వేలకు పైగా నమళ్ళు నములుతుంది. అదే కిలో గింజల దాణా పది నిమిషాలలో, వెయ్యి లోపు నమళ్ళతో అయిపోతుంది. మీ మువ్వ సాయంత్రం ఆరు గంటల దాణాను ఆరుంబావుకల్లా ముగించి, మర్నాడు ఉదయం వరకు పన్నెండు గంటలు ఖాళీ కడుపుతో, అందులో ఊరుతున్న ఆమ్లంతో నిలబడుతోంది. దాని జబ్బుకు మొదటి కారణం నాకు అక్కడే కనిపిస్తోంది.

జీర్ణాశయం కింది భాగానికి జిగురుపొర రక్షణ ఉంటుంది, పై భాగానికి ఉండదు. కడుపులో గడ్డి నిండి ఉంటే ఆమ్లం కిందనే నిలుస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు గుర్రాన్ని పరుగెత్తిస్తే పొట్ట బిగుసుకుని ఆమ్లం పైకి చిమ్ముతుంది. మీరు చెప్పిన మూడో స్థాయి పుండ్లు ఈ పై భాగానివి. దీనికి తోడు, గింజల్లోని పిండిపదార్థం అక్కడే పులిసి మరికొన్ని ఆమ్లాలను పుట్టించి అదే పొరను దెబ్బ తీస్తుంది. పేగు ద్వారం దగ్గరి ఎర్రదనం కథ వేరు. అక్కడ జిగురుపొరే బలహీనపడుతుంది, ఫినైల్‌బ్యూటజోన్ వంటి నొప్పి మందులు దానిని బలహీనపరిచేవే. వైద్యుడు చూడకుండా ఆ మందును ఇక ఎప్పుడూ ఇవ్వకండి.

యాంటీబయోటిక్ అవసరం లేదు. మనుషుల పుండ్లకు హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి కారణమని కనుగొన్న ఇద్దరు శాస్త్రవేత్తలకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. మీ పక్కింటివారు ఆ మాటే విని ఉంటారు. గుర్రాల విషయంలో అటువంటి సూక్ష్మజీవి కారణమని రుజువు కాలేదు. పైగా అవసరం లేని యాంటీబయోటిక్ గుర్రం పెద్దపేగులో గడ్డిని అరిగించే మంచి సూక్ష్మజీవులను చంపి ప్రాణాంతకమైన విరేచనాలు తెచ్చిపెట్టగలదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ముందుగా బరువు తెలియాలి. ముందుకాళ్ళ వెనుక ఛాతీ చుట్టుకొలతను, భుజం మొన నుంచి పిరుదు ఎముక చివర వరకు పొడవును సెంటీమీటర్లలో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, దానిని పొడవుతో గుణించి, వచ్చిన మొత్తాన్ని 11,880తో భాగించండి. ఉదాహరణకు చుట్టుకొలత 145, పొడవు 140 అయితే బరువు దాదాపు 248 కిలోలు. 250 అనుకుందాం. ఎదిగే వయసు కాబట్టి, తేమ తీసేసి లెక్కిస్తే రోజుకు 5 నుంచి 6 కిలోల మేత గడ్డి రూపంలోనే అందాలి. పిండిపదార్థం ఒక పూటకు కిలో బరువుకు 1 గ్రాము, రోజు మొత్తానికి 2 గ్రాములు దాటకూడదు. అంటే మువ్వకు పూటకు 250 గ్రాములు, రోజుకు 500 గ్రాములు హద్దు. బార్లీలో సగానికి పైగా పిండిపదార్థమే. మీరు పెడుతున్న కిలో బార్లీతోనే పూట హద్దు రెండింతలు దాటిపోతోంది, ఉలవలలోని పిండిపదార్థం దానికి అదనం.

ఉలవలను పూర్తిగా మానవలసిన పని లేదు. వాటిలో మాంసకృత్తులు నూటికి 22 పాళ్ళ వరకు ఉంటాయి, పెరిగే పిల్లకు అవి కావాలి. అయితే రోజుకు 200 గ్రాముల ఉలవలను మెత్తగా ఉడికించి మూడు పూటలకు పంచండి. బార్లీని కూడా పూటకు 250 గ్రాములకు తగ్గించి మూడు పూటలు చేయండి. తగ్గిన శక్తిని పూడ్చడానికి దాణాలో వంటనూనె రోజుకు 30 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి రెండు వారాలలో 100 వరకు పెంచవచ్చు. ఏ మార్పునైనా పది, పన్నెండు రోజుల మీద చేయాలి, ఒక్క రోజులో చేస్తే పుండ్ల కంటే ముందు శూలనొప్పి వస్తుంది.

జవాబు: గుర్రపుశాల నిర్వాహకురాలు, బెంగళూరు సమీపం

అన్నగారూ, ముందుగా మీరు మిమ్మల్ని నిందించుకోవడం మానండి. రేసు శిక్షణలో ఉన్న గుర్రాలలో అత్యధిక శాతానికి ఈ పుండ్లు కనబడతాయి, అనుభవజ్ఞులు చూసుకునే శాలల్లో కూడా. డాక్టరు గారు లెక్క చెప్పారు కాబట్టి నేను గడ్డి సంగతి చెబుతాను.

వరిగడ్డి ఒక్కటే మేతగా ఉంటే పుండ్లు తగ్గవు. అందులో సున్నం (కాల్షియం), మాంసకృత్తులు చాలా తక్కువ కాబట్టి ఆమ్లాన్ని అణచే శక్తి దానికి లేదు. దానిని పూర్తిగా తీసేయకండి, రాత్రి నమలడానికి రోజుకు ఒక కిలో వరకు మిగతా గడ్డిలో కలపండి. సూపర్ నేపియర్ చూడటానికి పచ్చగా, పుష్కలంగా ఉంటుంది, పశువులకు చక్కగా సరిపోతుంది కూడా. కానీ అందులోని ఆక్సలేట్ సున్నాన్ని పట్టేసుకుని గుర్రానికి అందనివ్వదు. పశువు కడుపులో ఆక్సలేట్‌ను విరగ్గొట్టే సూక్ష్మజీవులు మేత పేగులోకి వెళ్ళకముందే పనిచేస్తాయి, గుర్రానికి ఆ సౌకర్యం లేదు. నెలల తరబడి అదే మేపితే ఎదిగే పిల్ల ఎముకలు గుల్లబారి ముఖం ఉబ్బుతుంది. తవుడు ఎక్కువ పెట్టినా ఇదే ప్రమాదం, ఎందుకంటే దానిలో భాస్వరం అధికం. అందువల్ల నేపియర్ మొత్తం మేతలో పావు వంతుకు మించకుండా చూసుకోండి.

మీ పొలం గట్ల మీద గరిక ఉంటుంది కదా, దానిని మించిన గడ్డి ఈ పిల్లకు దొరకదు. కోసి, తేమ లేకుండా బాగా ఆరబెట్టి నిల్వ చేసుకోండి. కోసేటప్పుడు రెండు జాగ్రత్తలు తప్పనిసరి. పత్తి చేల పక్కన మందు కొట్టిన గట్ల జోలికి వెళ్ళవద్దు. గడ్డిలో వయ్యారిభామ కలవకుండా ఏరించండి. పచ్చి జొన్న చొప్ప గుర్రానికి వద్దే వద్దు, అది మూత్రాశయాన్ని, వెనుకకాళ్ళ పట్టును పాడుచేస్తుంది. సుబాబుల్ ఆకు తిన్న గుర్రాలకు జూలు, తోక వెంట్రుకలు రాలిపోవడం నేను స్వయంగా చూశాను.

లూసర్న్ విషయంలో ఖర్చుకు వెనుకాడకండి. దానిలోని సున్నం, మాంసకృత్తులు ఆమ్లాన్ని అణచిపెడతాయి. పచ్చిది ఐదు కిలోలు తెస్తే తేమ పోగా నిలిచేది కిలోయే, కాబట్టి ఎండు లెక్కన కిలోకు కాస్త పైగా అందాలంటే రోజుకు ఆరు కిలోల పచ్చి లూసర్న్ కావాలి. ఒక పూట వాడనిచ్చి వేయండి, తడిగా ఉన్నది ఒక్కసారిగా వేస్తే పొట్ట ఉబ్బుతుంది. మీకు నీటి వసతి ఉంటే వచ్చే అక్టోబరు, నవంబరులో పది గుంటలలోనైనా విత్తండి. మొదటి కోతకు రెండు నెలలు దాటుతుంది, ఆపైన నెలకొక కోత వస్తుంది. ఈలోగా ఎండు లూసర్న్ దొరికితే మరీ సన్నగా కత్తిరించకుండా పొడవుగానే వేయండి, ఎందుకంటే పాలు మాన్పించిన వయసు పిల్లలలో సన్నని ఎండు లూసర్న్ తునకలు పేగు ద్వారం దగ్గరి పొరను ఇబ్బంది పెట్టినట్టు పరిశీలనలు ఉన్నాయి. మీ మువ్వకు ఇబ్బంది ఉన్నది ఆ చోటే.

రాత్రి సంగతి అన్నిటికంటే ముఖ్యం. చిన్న కన్నుల వల సంచిలో గడ్డి నింపి, రాత్రి పది గంటలకు ఒకటి కట్టండి. సంచి ఎత్తు మరీ తక్కువగా ఉంటే కాలు ఇరుక్కుంటుంది, జాగ్రత్త. ఉదయం మీరు కొట్టంలోకి అడుగుపెట్టేసరికి ఒక గుప్పెడు గడ్డి మిగిలి ఉండాలి. మిగలలేదంటే రాత్రి చాలలేదని అర్థం. మేతకు మేతకు మధ్య ఆరు గంటలు దాటితే పుండ్ల ప్రమాదం పెరుగుతుంది. నీళ్ళు కూడా అంతే, రోజుకు రెండు బాల్చీలు చూపించి తీసేయకుండా తొట్టి ఎప్పుడూ నిండుగా ఉంచండి.

జవాబు: మూడు తరాలుగా సయిసు (గుర్రాలను సాకే) వృత్తిలో ఉన్న కుటుంబం నుంచి, హైదరాబాదు

మా నాన్నగారు, తాతగారు గుర్రాలను సాకినవారే, కాబట్టి చదువుతో కాకుండా చేతులతో తెలిసిన మాటలు రెండు చెబుతాను.

మీ మువ్వ ఒంటరిగా ఉందని నాకు అనిపిస్తోంది, ఎందుకంటే మీరు వేరే గుర్రం గురించి రాయలేదు. సంతలో తన గుంపు నుంచి విడిపోయి వచ్చిన పిల్ల అది. ఒంటరి గుర్రం పడుకోదు, చెవులు నిక్కించి నిలబడే ఉంటుంది, ఆ బెంగ కడుపు మీదే పడుతుంది. మరో గుర్రాన్ని కొనలేకపోతే ఒక మేకను దానితోపాటు ఉంచండి. మా నాన్నగారు మొండికేసిన గుర్రాలకు మేకనే జతచేసేవారు, వారంలో తేడా కనిపించేది.

కరవబోతే కొట్టకండి. పట్టీ బిగించినప్పుడు దానికి నొప్పి పుడుతోంది, ఆ నొప్పిని చెప్పుకోవడానికి దానికి ఉన్న భాష అదొక్కటే. ఈ నాలుగు వారాలు పట్టీ వేయకుండా, గుండ్రంగా పరుగెత్తించకుండా, చేతిలో తాడు పట్టుకుని పొలం గట్ల వెంట నడిపించండి. నడకకు అరగంట ముందు ఒక కట్ట లూసర్న్ తిననివ్వండి, ఎప్పుడూ ఖాళీ కడుపుతో బయటికి తీయకండి. ఘాటు మసాలా ముద్దలు, మిరియాలు, బెల్లం పాకం పెట్టే అలవాటు మన వైపు ఉంది. అజీర్ణం అనుకుని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. పుండు మీద మసాలా ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. గుర్రానికి వాంతి కూడా కాదు, లోపలికి వెళ్ళినది ఏదైనా అది భరించవలసిందే.

ప్రశ్న అడిగినవారి నుంచి

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మువ్వ ఒంటరిగానే ఉందన్న మాట నిజం. రేపే మా బావగారి ఇంటి నుంచి ఒక మేకను తెస్తున్నాను. మందు గురించి ఒక సందేహం. మాకు 40 మిల్లీగ్రాముల మనుషుల క్యాప్సూళ్ళు రోజుకు 25 రాసి ఇచ్చారు. వాటిని విప్పి, లోపలి గింజలను మెత్తగా నూరి, ఉదయం దాణాలో బెల్లంతో కలిపి పెడుతున్నాను. తేడా పెద్దగా కనబడటం లేదు. ఇంకొక మాట, ఎండలు ముదిరితే ఎలక్ట్రోలైట్ పొడి ఇవ్వవచ్చా?

జవాబు: విశ్రాంత పశువైద్యుడు, తిరుపతి

మోతాదు సరైనదే. రోజుకు కిలో బరువుకు 4 మిల్లీగ్రాములు, 250 కిలోలకు ఒక గ్రాము, అంటే మీ 25 క్యాప్సూళ్ళు. కానీ నూరడం వల్ల ఆ మందు చాలావరకు వృథా అవుతోంది. ఒమెప్రజోల్ ఆమ్లంలో నిలవదు. అందుకే ఆ చిన్న గుళికలకు పైపూత వేసి తయారుచేస్తారు. జీర్ణాశయాన్ని దాటి పేగులోకి చేరి, అక్కడి నుంచి రక్తంలో కలిసి, తిరిగి వచ్చి ఆమ్లం ఊరే కణాలను అది ఆపాలి. నూరితే పూత పోతుంది, మందు కడుపులోనే విరిగిపోతుంది. దాణాతో కలిపితే ఒంటికి పట్టేది కూడా తగ్గుతుంది. గుళికలను నూరకుండా కొద్దిగా నూనెలో కలిపి, పెద్ద నోరున్న సిరంజితో నాలుక వెనుకకు వేయండి. గుర్రాల కోసమే తయారైన ఒమెప్రజోల్ పేస్టు దొరికే అవకాశం ఉంటే దాని గురించి మీ వైద్యులను అడగండి, నమలడం వల్ల గుళికలు చితికే సమస్య దానితో ఉండదు.

సమయం ఉదయం ఐదు గంటలు పెట్టుకోండి. రాత్రి సంచిలోని గడ్డి అప్పటికి అడుగంటి ఉంటుంది, ఆ మిగులును తీసేసి మందు వేసి, నలభై నిమిషాలు ఆగి గడ్డి వేయండి. గడ్డి తర్వాతే గింజల దాణా పెట్టాలి.

వారంలో ఆకలి పెరిగి, పళ్ళు నూరడం తగ్గుతుంది. అది చూసి మందు ఆపేయకండి. లక్షణాలు ముందు తగ్గుతాయి, పుండు తర్వాత మానుతుంది. 28వ రోజు దగ్గరకు మళ్ళీ గొట్టం వేయించండి. ఒక్కసారిగా ఆపితే అణిగి ఉన్న ఆమ్లం ఉధృతంగా ఊరుతుంది, కాబట్టి ఎలా తగ్గించాలో మీ వైద్యులే చెప్పాలి.

ఎలక్ట్రోలైట్ పొడిని చిక్కగా కలిపి ఖాళీ కడుపుతో గొంతులో పోయడం పుండ్లను పెంచుతుంది. చెమట ఎక్కువ పట్టిన రోజు కొద్దిగా దాణాలో కలిపి, పక్కన మంచినీళ్ళు ఉంచండి. సోడా ఉప్పు వంటివి రెండు గంటల ఊరటే తప్ప చికిత్స కావు. మధ్యలో ఎప్పుడైనా పదేపదే పొర్లినా, పేడ వేయడం ఆగినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి 60కి మించి కొట్టుకున్నా, అది ఏ వేళ అయినా సరే, వైద్యుణ్ణి పిలవండి. సలహాల కోసం ఇక్కడ రాసి ఎదురుచూడకండి.

ప్రశ్న అడిగినవారి నుంచి, ఐదు వారాల తర్వాత

నిన్న మళ్ళీ గొట్టం వేసి చూశారు. పైభాగంలోని పుండ్లు మానాయి, ఒకచోట మాత్రం పొర కాస్త మందంగా ఉంది. పేగు ద్వారం దగ్గర ఎర్రదనం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. అందుకని ఒమెప్రజోల్ కొనసాగిస్తూ, పుండు మీద పొరలా అంటుకుని కాపాడే సుక్రాల్‌ఫేట్ కూడా రాశారు, రెండింటి మధ్య వ్యవధి ఉంచమన్నారు. ఆ చోటి పుండ్లు మానడానికి ఎక్కువ కాలం పడుతుందని, ఇకపై శిక్షణ మొదలుపెట్టినా వారంలో కనీసం రెండు రోజులు పూర్తి విశ్రాంతి ఇవ్వాలని చెప్పారు.

బరువు అప్పట్లో కొలిస్తే 241 వచ్చింది, ఇప్పుడు 256. ఆరు రోజుల కిందట మొదటిసారిగా మువ్వ పక్కకు ఒరిగి, కాళ్ళు చాపి నిద్రపోవడం చూశాను. మేక దాని మెడ పక్కనే పడుకుని ఉంది. గరిక మా గట్ల మీదిది చాలక, చెరువు కట్ట కింది రైతును అడిగి కోసుకుంటున్నాను. రాత్రి సంచి మొదటి రెండు వారాలు తెల్లవారుజామున మూడింటికే ఖాళీ అయ్యేది. నేను లేచి మళ్ళీ నింపేవాడిని. ఇప్పుడు రెండు సంచులు కడుతున్నాను. ఈ ఉదయం ఐదింటికి మందు పట్టుకుని వెళితే రెండో సంచి అడుగున ఇంకా గడ్డి ఉంది.